సోలార్ సెల్ పాఠానికి కిట్టు వద్దు, ఒక ప్యానెలు, ఒక మీటరు చాలు

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సోలార్ సెల్ గురించి ప్రయోగాలు చేయించి చెప్పాలనుకుంటున్నాను, ఏ కిట్టు కొనమంటారు అని అడిగారు. నేను పర్లాకిమిడి దగ్గర ఒక ఊళ్లో పద్నాలుగేళ్లుగా సైన్సు చెబుతున్నాను. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా, మాది ఒడిశా. మా పిల్లల్లో ఎక్కువ మందికి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా.

కిట్టు కొనకండి. 10 వాట్ల సోలార్ ప్యానెలు ఒకటి, వోల్టులు, ఆంపియర్లు కొలిచే డిజిటల్ మల్టీమీటరు ఒకటి, కాస్త వైరు, అంతే. నాకు మొత్తం పన్నెండు వందల లోపే అయింది. కిట్టులో వచ్చే బుల్లి ఫ్యాను తిరగగానే పిల్లలు చప్పట్లు కొడతారు, ఐదు నిమిషాలయ్యాక ఇంక చేసేదేమీ ఉండదు, ఎందుకంటే ఫ్యాను తిరిగితే తిరిగింది, అందులో అడగడానికేముంది? మీటర్లో అంకె మనం అనుకున్నట్టు రాకపోతే మాత్రం పిల్లలు ఊరుకోరు.

రెండేళ్ల కిందట ఫిబ్రవరి చివర్లో జరిగింది చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలతో ప్యానెలు డాబా మీదికి ఎక్కించాం. గదిలోంచి అప్పుడే తెచ్చిన ప్యానెలు, పదిగంటలవేళ 20.6 వోల్టులు, 0.42 ఆంపియర్ల కరెంటు చూపించింది. పన్నెండున్నరకి ఎంత ఉంటుందో ముందే నోటుబుక్కులో రాసుకోమన్నాను. ఎండ ముదురుతుంది కాబట్టి రెండూ పెరుగుతాయని అందరూ రాశారు. పన్నెండున్నరకి ఆంపియర్లు 0.54 అయ్యాయి, బాగానే ఉంది. వోల్టులు మాత్రం 19.2. తగ్గాయి!

మీటరు పాడైందన్నారు. దాని బ్యాటరీ మార్చి చూశాం, మళ్లీ 19.2. ఒక అబ్బాయి చప్పుడు చేయకుండా తన పుస్తకంలో 22 అని రాసేసుకున్నాడు. నేను చూశాను గానీ ఏమీ అనలేదు, వాడి తప్పు కాదది, సరైన జవాబు ముందే ఉంటుంది, మన లెక్క దానికి అతకాలి అని చిన్నప్పటి నుంచి మనమే నేర్పాం వాడికి. అప్పుడు రెండో వరసలో నిలబడ్డ ఒక పాప ప్యానెలు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "మేస్టారూ, పలక కాలిపోతోంది. ఎండన పడి వచ్చినోళ్లకి నీరసం రాదా, దీనికీ అదే వచ్చింది" అంది. తనే కిందకి పరుగెత్తి చున్నీ కొస తడిపి తెచ్చి ప్యానెలంతా తుడిచింది. 19.2 కాస్తా 19.5 అయింది, 19.8 అయింది, 20.1 దగ్గర నిలిచింది. డాబా మీద ఒకటే కేకలు. భోజనం గంట కొట్టారు, ఆ రోజు గుడ్డు కూర, అయినా ఒక్కరూ కదల్లేదు. ఆ అబ్బాయి రబ్బరు అడిగి తీసుకుని 22 చెరిపి 19.2 రాసుకున్నాడు. నా పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పాఠం అదే.

కారణం పిల్లలకి నేను చెప్పిన పద్ధతి ఇది. కుళాయి కింద చిల్లి బిందె పెట్టారనుకోండి. కుళాయి ధార అంటే ఎండ, బిందెలో నీళ్ల మట్టం అంటే వోల్టులు. వేడెక్కిన కొద్దీ సెల్ తయారైన పదార్థంలో, అంటే సిలికాన్‌లో, చిల్లి పెద్దదవుతుంది, ధార కాస్త పెరిగినా మట్టం దిగిపోతుంది. ఒక్కో సెల్ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు కోల్పోతుంది. ఇలాంటి ప్యానెల్లో 36 సెల్స్ వరసగా ఉంటాయి, వేడి 20 డిగ్రీలు పెరిగిందనుకుంటే సుమారు 1.4 వోల్టులు పోవాలి. మాకు పోయింది సరిగ్గా అంతే. గుణకారం బోర్డు మీద పిల్లలే చేశారు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. ఆ పాప రెండేళ్లుగా నా క్లాసులో నోరు విప్పలేదు. పాఠం ఒడియాలో నడుస్తుంటే తలూపేది, అడిగితే పుస్తకంలో వాక్యం ఒప్పజెప్పేది. డాబా మీద అందరూ ఇంటి మాటలోకి దిగారు కాబట్టి "నీరసం" అనే మాట వచ్చింది, ఆ మాటతోనే ఆలోచన వచ్చింది. ప్రయోగం ఇంటి భాషలో చేయించకపోతే అది ప్రయోగం కాదు, ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే మేస్టారుగా పనిచేశారు, చుట్టుపక్కల ఉండే సవర ఆదివాసుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు. ఆయన తిరిగిన ఊళ్లో ఉండి కూడా మనం ఇంకా సెమీకండక్టర్‌ని "అర్ధవాహకం", సోలార్ సెల్‌ని "కాంతి వోల్టాయిక్ ఘటం" అంటూ పిల్లల్ని బెదరగొడుతున్నాం. ఆ మాటలు తప్పని కాదు, అవి ఆఖర్న రావాలి, వస్తువు చేతిలోకి వచ్చి వేడి తగిలాక రావాలి. మా క్లాసులో సవర పిల్లలు ఐదుగురు ఉన్నారు, వాళ్లని వాళ్ల మాటలోనే రీడింగులు తీసుకోమన్నాను. అన్నిటికంటే శుభ్రంగా ఉన్న పట్టిక వాళ్లదే.

ఇంకో బాధ సైన్సు ప్రదర్శనలు. థర్మోకోల్ ఇల్లు, దాని నెత్తిన ప్యానెలు, లోపల ఒక బల్బు, ఏటా దానికే బహుమతి. ఒకసారి మా పిల్లలు ఈ ఎండ రీడింగుల పట్టిక పట్టుకెళ్తే మోడల్ ఏదని అడిగి పక్కన పెట్టేశారు. పిల్లలు తిరుగు దారిలో బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు, నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, మా పిల్లలకి సోలార్ దీపం అలంకారం వస్తువు కాదు, అది ఎందుకు వెలుగుతుందో, ఎందుకు మసకబారుతుందో వాళ్లకి నిజంగా కావాలి.

మిగతా ప్రయోగాలు త్వరగా చెప్పేస్తాను. ప్యానెలు కొనే లోపు ఎర్రగా వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బుని, పైన గాజులా రంగు లేకుండా ఉండేదాన్ని, మీటరుకి తగిలించి ఎండలో పెట్టండి, ఒక వోల్టు పైనే చూపిస్తుంది. వెలుగు ఇచ్చేదే వెలుగు పుచ్చుకుంటుందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. కరెంటు మాత్రం దాని నుంచి దాదాపు ఏమీ రాదు, వోల్టులు వేరు, ఆంపియర్లు వేరు అని చెప్పడానికి అదే మంచి సందర్భం. తర్వాత ప్యానెల్లో ఒక్క సెల్ పూర్తిగా కప్పేలా అట్టముక్క పెట్టి ఆంపియర్లు చూడమనండి. కప్పింది 36లో ఒకటే, అయినా కరెంటు దాదాపు అంతా పడిపోతుంది, ఎందుకంటే అవి గొలుసులా వరసగా ఉన్నాయి. మా ఊరి సోలార్ వీధి దీపం రాత్రి ఎనిమిదింటికే ఎందుకు ఆరిపోతోందో ఒక పిల్లాడు ఆ రోజే పట్టేశాడు, దాని ప్యానెలు మీదికి మామిడి కొమ్మ వంగి ఉంది.

పెద్ద క్లాసులకైతే స్కేలుతో ప్యానెలు కొలిపించండి. మాది 34 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు. నిండు ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు అనుకుంటే దీని మీద పడేది 80 వాట్ల పైమాట, లేబుల్ మీద 10 వాట్లు, అంటే పడిన ఎండలో సుమారు 12 శాతం కరెంటుగా మారుతోంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 1954లో మొదటిసారి పనికొచ్చే సిలికాన్ సెల్ చూపించినప్పుడు అది 6 శాతం. పర్లాకిమిడి బజార్లో కొన్న ప్యానెలు దానికి రెట్టింపు అని పిల్లలు లెక్కతో తేల్చారు, నేను చెప్పలేదు.

రాగి రేకుని స్టవ్ మీద కాల్చి ఉప్పునీళ్లలో పెట్టి సోలార్ సెల్ తయారుచేసే ప్రయోగం వీడియోల్లో చూసి ఉంటారు. అది చిన్న పిల్లలతో వద్దు. రేకు ఎర్రగా కాలాలి, అరగంట పడుతుంది, వచ్చేది పావు వోల్టు.

ఒక జాగ్రత్త. ఆంపియర్లు కొలిచేటప్పుడు మీటర్లో ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాలి. ఇంత చిన్న ప్యానెలుకి నేరుగా తగిలించినా ఏమీ కాదు, బ్యాటరీకి మాత్రం ఎప్పుడూ అలా తగిలించనివ్వకండి, వైర్లు కాలిపోతాయి. పని అయిపోగానే ఎర్ర వైరు మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చే బాధ్యత ఒక పిల్లకి అప్పగించండి, మా బళ్లో అప్పట్లో ఆ పని చున్నీ తడిపిన పాపదే.