టెక్ సందేహాలు: వర్డ్ ఫైలు పుస్తకం కావాలంటే

ప్రశ్న: నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి, మాది తెనాలి. నా కథలు వర్డ్‌లో నేనే టైప్ చేసుకున్నాను. మండలి ఫాంటు, 14 సైజు, ఏ4లో 140 పేజీలు వచ్చింది. వంద కాపీలు వేయించి బంధువులకు, పాత విద్యార్థులకు ఇవ్వాలని కోరిక. ఫైలు పంపితే ప్రెస్సు వాళ్లు చూపించిన నమూనాలో ఫాంటు మారిపోయింది, అక్షరాలు మరీ చిన్నవైపోయాయి, ఒక కథ చివర ఇంకో కథ మొదలైంది. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: మాస్టారూ, పొరపాటు టైపింగ్‌లో లేదు. ఏ4 కాగితం మీద టైప్ చేయడం దగ్గర ఒకటి, వర్డ్ ఫైలునే ప్రెస్సు చేతికి ఇవ్వడం దగ్గర ఇంకొకటి జరిగింది.

మన కథల పుస్తకాలు ఎక్కువగా 1/8 డెమ్మీలో వస్తాయి. అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. ఏ4 పేజీని అందులో పట్టేలా కుదిస్తే మూడింట రెండు వంతులవుతుంది. మీ 14 సైజు అక్షరం 9కి దిగిపోతుంది. మీ ఈడువాళ్లు ఆ పుస్తకాన్ని భూతద్దం లేకుండా చదవలేరు. అందుకని ముందు ఫైలు కాపీ ఒకటి తీసుకుని, లేఅవుట్‌లో సైజ్‌కి వెళ్లి 5.5, 8.5 అని మీరే కొట్టండి. అక్షరం 12 పెట్టండి. నా లెక్కలో మీ 140 పేజీలు 215 దాకా పెరుగుతాయి. పెరగనివ్వండి. 16 పేజీలు ఒక ఫారం కాబట్టి 216 అంటే పదమూడున్నర ఫారాలు. ప్రెస్సువాళ్లతో ధర మాట్లాడేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది.

తర్వాత మార్జిన్లు. కస్టమ్ మార్జిన్స్‌లో ‘మల్టిపుల్ పేజెస్’ అన్నచోట ‘మిర్రర్ మార్జిన్స్’ ఎంచుకుంటే ఎడమ, కుడి అన్న మాటలు పోయి లోపల, బయట అని వస్తాయి. లోపలివైపు 0.8 అంగుళం, బయట 0.6 ఇవ్వండి. జిగురుతో బైండింగ్ చేసిన పుస్తకం పూర్తిగా విచ్చుకోదు. లోపల చోటు చాలకపోతే పంక్తుల మొదటి, చివరి అక్షరాల కోసం పుస్తకాన్ని విరిచి చూడాల్సి వస్తుంది.

ఒక కథలోకి ఇంకో కథ ఎందుకొచ్చిందంటే, మీరు కొత్త పేజీకి వెళ్లడానికి ఎంటర్ మీద ఎంటర్ కొట్టి ఉంటారు. పేజీ కొలత గానీ ఫాంటు గానీ మారగానే ఆ ఖాళీలన్నీ జరిగిపోతాయి. వాటిని తీసేసి కథ చివర కంట్రోల్, ఎంటర్ కలిపి ఒక్కసారి నొక్కండి. ఇక కొలత ఎంత మార్చినా కథ కొత్త పేజీలోనే మొదలవుతుంది.

తెలుగులో ఉన్న ఇంకో చిక్కు పంక్తుల ఎడం. పైన గుడి, కింద వత్తు, ఆ వత్తు కింద మరో వత్తు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఎంత ఎత్తు తీసుకుంటుందో చూడండి. లైన్ స్పేసింగ్‌లో ‘ఎగ్జాక్ట్‌లీ’ పెట్టి చిన్న అంకె ఇస్తే గుళ్లు, వత్తులు తెగిపోతాయి. ‘మల్టిపుల్’ ఎంచుకుని, మీ ఫాంటుకు ఎంత సరిపోతుందో ఒక పేజీ ప్రింటు తీసి చూసుకోండి. రెండు వైపులా సమంగా ఉండేలా జస్టిఫై చేసినప్పుడు కూడా జాగ్రత్త. మన సమాసాలు పొడుగు, వర్డ్ వాటిని విరిచి రాయలేదు. మాటల మధ్య పెద్ద పెద్ద సందులు పడితే అక్కడ వాక్యాన్ని కాస్త సర్దండి. రచయిత మీరే కాబట్టి ఆ హక్కు మీకుంది.

ఇప్పుడు అసలు విషయం. వర్డ్ ఫైల్లో మామూలుగా ఫాంటు పేరు మాత్రమే ఉంటుంది, ఫాంటు ఉండదు. ప్రెస్సు కంప్యూటర్‌లో మండలి లేకపోతే వర్డ్ ఇంకో ఫాంటు తగిలిస్తుంది, దాంతో పంక్తులు, పేజీలు అన్నీ మారతాయి. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అనూ ఫాంట్లే నడుస్తున్నాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) కావు. మీరు యూనికోడ్‌లో టైప్ చేసింది వాళ్లు అనూలోకి మారుస్తారు, ఆ మార్పిడిలో అక్షరాలు దెబ్బతింటాయి. మా అమ్మమ్మ పాడే పాటలను నేను ఇలాగే పుస్తకం వేయించాను. ఇంట్లో నాలుగుసార్లు ప్రూఫు చూశాను. మార్చాక ఏమైందో చూడలేదు. మూడు వందల కాపీలు ఇంటికొచ్చాక తెరిస్తే అరసున్న ఉన్న ప్రతిచోటా ఒక చిన్న ఖాళీ డబ్బా! ‘వాఁడు’ అన్న మాట మధ్యలో ఆ డబ్బా చూసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

కంటికి కనపడని ఇంకో అక్షరం ఉంది. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’కూ ‘వే’కూ మధ్య అది ఉంటేనే అవి విడివిడిగా నిలబడతాయి. లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అని వకారం ‘ట’ కిందికి వత్తుగా దిగుతుంది. మార్పిడిలో ముందుగా ఎగిరిపోయేది ఇదే. మీ కథల్లో ఇంగ్లిషు మాటలుంటే వాటిని ప్రత్యేకంగా చూడండి.

కాబట్టి ప్రెస్సుకు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి, మళ్లీ టైపు చేయడాలు, మార్చడాలు వద్దని ముందే చెప్పండి. వర్డ్‌లో సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకున్నప్పుడు ‘స్టాండర్డ్’ పెట్టండి, ‘మినిమమ్ సైజ్’ వద్దు. అయ్యాక ఆ పీడీఎఫ్‌ను అడోబీ రీడర్‌లో తెరిచి కంట్రోల్, డి కలిపి నొక్కండి. అందులో ‘ఫాంట్స్’ అన్నచోట ప్రతి ఫాంటు పేరు పక్కన ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అని ఉండాలి. ఉంటే మీ అక్షరాలు ఫైలుతోపాటే ప్రయాణం చేస్తాయి. ఆఖరి ప్రూఫు ఈ పీడీఎఫ్‌ను కాగితం మీద ప్రింటు తీసి చూడండి. తెర మీద కళ్లు దాటేసిన తప్పులు కాగితం మీద దొరుకుతాయి.

అట్ట వేరే ఫైలు. వెనకట్ట, వెన్ను, ముందట్ట ఒకే షీటుగా ఉండాలి, చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా రంగు పారాలి, లేకపోతే కటింగ్‌లో తెల్ల అంచు మిగులుతుంది. వెన్ను మందం కాగితాన్ని బట్టి మారుతుంది. 216 పేజీలంటే 108 ఆకులు. ఒక్కో ఆకు మందం ప్రెస్సువాళ్లను అడిగి 108తో గుణించండి. వంద కాపీలకు ఆఫ్‌సెట్ ప్లేట్లు గిట్టుబాటు కావు, డిజిటల్ ప్రింటింగ్ అడగండి. అందులో ముందు ఒక్క కాపీ వేయించి చూసుకోవచ్చు. ఆ ఒక్కటి చేతిలోకి వచ్చేదాకా మిగతా 99కి ఊ అనకండి.

ప్రశ్న: నాన్నగారి జ్ఞాపకాల పుస్తకంలో వేయడానికి బంధువులు వాట్సాప్‌లో ఫొటోలు పంపారు. ఫోన్‌లో బాగున్నాయి, ప్రింటులో మసకగా వచ్చాయి. ఏం చేయాలి?

జవాబు: వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. అచ్చుకు అంగుళానికి 300 పిక్సెల్స్ కావాలి. నాలుగంగుళాల వెడల్పు బొమ్మకు 1200 పిక్సెల్స్ అన్నమాట. ఒరిజినల్‌నే ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి. పాత ఫొటోలను ఫోన్‌తో తీయించకుండా స్కానర్ మీద 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎంత మంచి ఫొటో పెట్టినా వర్డ్ సేవ్ చేసేటప్పుడు దాన్ని కుదిస్తుంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, ఫైల్లోని బొమ్మలను కుదించవద్దు అనే గడికి టిక్ పెట్టి, ఆ తర్వాతే ఫొటోలు చేర్చండి.

ప్రశ్న: సొంతంగా వేసుకునే పుస్తకానికి ఐఎస్‌బీఎన్ కొనుక్కోవాలా?

జవాబు: ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. కొననక్కర్లేదు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, రచయితలు ఆన్‌లైన్‌లో నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంట్లో పంచుకునే పుస్తకానికి అది లేకపోయినా ఫర్వాలేదు. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటే మాత్రం అట్ట ఫైలు పూర్తి చేయకముందే తీసుకోండి. బార్‌కోడ్‌కు వెనకట్ట మీద చోటు వదలాలి కదా.