కీమో నడుస్తున్నోళ్లకు టోపీ కుడితే కుట్టు బయటికి పెట్టుండ్రి

"మా అత్తమ్మకు మొన్ననే మొదటి కీమో అయింది, జుట్టు ఊడుతదన్నరు, ఇంట్లనే మెత్తటి టోపీ కుడదామనుకుంటున్న, ఏ గుడ్డ తీసుకోవాలె, లేసు పెడితే మంచిగుంటదా" అని అడిగిండ్రు కదా. లేసు సంగతి ముందే చెప్తున్న, వద్దు. లేసు వద్దు, పూసలు వద్దు, చెమ్కీ వద్దు, లాస్టిక్ అసలే వద్దు. నేను హన్మకొండల ఫాల్ పీకో, బ్లౌజులు కుడత, మా వదినకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పటి నుంచి ఈ టోపీలు గూడ కుడుతున్న, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

జుట్టు పోతుందంటే అందరు అందం గురించే బాధపడుతరు గని అసలు తిప్పలు తోలుకు. వదినకు డాక్సోరూబిసిన్ అని ఎర్రగుండే మందు ఎక్కిచ్చిండ్రు, దానికి జుట్టు మొత్తం పోతది. అన్ని కీమోలకు పోదు, మీ అత్తమ్మకు ఏ మందు ఇస్తున్నరో డాక్టర్ని అడుగుండ్రి. పోయేటిదైతే మొదటి కీమో అయినంక రెండు మూడు వారాలకు మొదలైతది, 21 రోజులకొక కీమో ఉన్నోళ్లకు రెండోదానికి పోయే యాళ్లకే దిండు మీద కుచ్చులు కుచ్చులు. ఊడే ముందు శానమందికి మాడంత సలుపుతది, దువ్వెన ఆనిస్తే ప్రాణం పోయినంత పనైతది.

గప్పుడే మా అన్న ఎవరో చెప్తే ఒక టోపీ కొనుక్కొచ్చిండు. గులాబి రంగు, ముందట పెద్ద పువ్వు, చూస్తానికి మస్తుంది. వదిన గంటసేపు పెట్టుకొని తీస్తే నుదుటి మీదికెళ్లి చెవు దాంక ఎర్రటి గీత పడ్డది. లోపల చూస్తే ఓవర్‌లాక్ కుట్టు, గరుకు దారం, దాని పక్కకే బిరుసు లేబుల్. తెల్లారి నేను పోయేసరికి ఆమె ఆ టోపీని తిరగేసి పెట్టుకొని కూసున్నది, కుట్టంత పైకి, పువ్వును కత్తెరతోని కోసి అవతల పడేసింది. చూడొచ్చిన చుట్టాలు "టోపీ ఉల్టా పెట్టుకున్నవు బిడ్డా" అంటే "నాకు గిట్లనే హాయిగుంది పెద్దమ్మా" అన్నది. ఇగ రాత్రైతే ఇంకో గోస, ఫ్యాన్ వేస్తే బోడి తలకు చలి, బంద్ చేస్తే ఉక్కపోత. ఆఖరికి మా అన్న పాత బనీను తలకు తొడుక్కొని వెనక ముడేసుకొని పండుకున్నది. ఉతికి ఉతికి పల్చగైన తెల్ల బనీను, పసిపిల్లల తోలు లెక్క మెత్తగుండె. దాన్నే అడిగి తీసుకొని పీకో మిషన్ మీద టోపీ చేసిచ్చిన, కీమోలన్ని అయ్యేదాంక రాత్రిపూట ఆమెకు అదే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు, ఇంట్ల పాత కాటన్ బనీనో టీషర్టో ఉంటే అదే తీసుకోండి. కొత్తది కొనాలంటే కాటన్ హోజరీ గుడ్డ, అంటే బనీను గుడ్డ, కట్ చేసే ముందు రెండుసార్లు ఉతకాలె, లేకుంటే కుట్టినంక ముడుచుకపోతది. మా దిక్కు బట్టల షాపులల్ల బ్లౌజు పీసులు గుట్టలు గుట్టలుంటయి గని బనీను గుడ్డ మీటర్ల లెక్కన అడిగితే మన మొఖం వింతగ చూస్తరు, ఇంతమందికి పనికొచ్చే గుడ్డ ఒక తాను తెచ్చిపెడితే ఏం పోతదో నాకు అర్థం కాదు. టెరికాట్, శాటిన్ వద్దు, చెమట పీల్చదు, పైగా వెంట్రుకల పట్టు లేని తల మీద నిలవదు, జారిపోతది. ఊలు దురద పెడతది.

టేపు కనుబొమ్మల మీదికెళ్లి, చెవుల పైకెళ్లి వెనకదాంక చుట్టి కొలువుండ్రి. పెద్దోళ్లకు 21 నుంచి 23 ఇంచులుంటది. 22 వస్తే కుట్టు పోను 20 కి పెట్టండి, గుడ్డ సాగేది తల చుట్టూ రావాలె, పైకి కిందికి కాదు. ఎత్తు 11 ఇంచులు, పైన గుండ్రంగ కట్ చెయ్యాలె. బనీను కింది అంచు నుదుటి దిక్కు రానిచ్చి రెండించులు బయటికి మడిస్తే అంచు కుట్టు తోలుకు తగలనే తగలదు. కనుబొమ్మలు గూడ పోతయి కొందరికి, ఆ మడత జర కిందికి గుంజుకుంటే ఆ ఖాళీ కనపడదు. పక్క కుట్లు పీకో మిషన్ మీద జిగ్‌జాగ్ వెయ్యాలె, సాదా కుట్టైతే సాగినప్పుడు దారం పటుక్కున తెగుతది. సూది బాల్ పాయింట్, అంటే మొన గుండ్రంగుండేది, 11 నంబరు అడుగుండ్రి, మామూలు సూది హోజరీల పోగు తెంపుతది, కుట్టు గెంతుతది. కుట్టినంక తిప్పొద్దు, కుట్టు బయటికే ఉండాలె, చూసేటోళ్లకు ఎట్ల కనపడితే ఏంది, పెట్టుకునే మనిషికి గుచ్చుకోవద్దు.

గంజి పెట్టొద్దు, వాసనొచ్చే లిక్విడ్ల ముంచొద్దు, కీమోల ఉన్నోళ్లల్ల శానమందికి వాసనలు కడుపుల తిప్పుతయి. కీమో అయినంక వారం పది రోజులకు తెల్ల రక్తకణాలు బాగ పడిపోతయి, అప్పుడు ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ, టోపీ రోజు ఉతికి ఎండకెయ్యాలె. తలకే రేడియేషన్ ఇస్తుంటే మాత్రం ఏది పెట్టుకోవచ్చో వాళ్ల డాక్టర్నే అడగాలె.

బయటికి పోయేటందుకు పాత నూలు చీర చింపి మీటరు చదరంగ చేసి, మూలకు మడిచి మెడ వెనక ముడేస్తే చాలు, మన ఎండలకు బోడి మాడు మీద ఏదో ఒకటి ఉండాల్సిందే. విగ్గు పెళ్లిళ్లకు సరే గని వరంగల్ల మే నెలల రోజంత పెట్టుకొమ్మనుడు శిక్షనే అంటా నేను. ఇంకోటి, తల మీద గుడ్డ చూసి "ఏం మొక్కుండె, యేములాడ పోయొచ్చినవా" అని ఆరా తీసేటోళ్లు మస్తుమంది ఉంటరు. మా వదిన బజారుకు పోవుడే బంద్ చేసింది వాళ్ల నోళ్లకు. దయచేసి అడగకుండ్రి. టోపీలు పంచేటోళ్లకు గూడ ఒక మాట, ఇచ్చేటప్పుడు పేషెంటును నిలబెట్టి ఫోటో దిగకుండ్రి. హైదరాబాద్ల ఎమ్మెన్‌జే క్యాన్సర్ దవఖానకు ఆదిలాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి రాత్రంత ప్రయాణం చేసొచ్చే ఆడోళ్లున్నరు, కొంగు కప్పుకొని కూసుంటరు, వాళ్లను ఫోన్ల ముందు టోపీ తియ్యి, పెట్టుకో అనుడు పాపం.

మీ అత్తమ్మకు ఇంక జుట్టు ఊడలేదు కదా, అయితే ఈ వారంలనే కుట్టిపెట్టుండ్రి, ఊడినంక ఉరుకులాడుడు వద్దు. రంగు ఆమెనే అడుగుండ్రి. కనీసం మూడు చెయ్యాలె, ఒకటి తల మీద, ఒకటి తీగ మీద, ఒకటి ఆసుపత్రి సంచిల.