టెర్రకోట బుట్టకమ్మల మీద వేసిన గోల్డ్ లీఫ్ (బంగారు రంగు పల్చటి రేకు) పది రోజులకే నల్లబడింది. నకిలీది అమ్మారా?

మీ ప్రశ్న చదవగానే మా ఆడపడుచు పెళ్లికి నేను చేసిన బుట్టలు గుర్తొచ్చాయి. అవి నెల తిరక్కుండానే అంచుల్లో ఆకుపచ్చగా తేలాయి. ఫంక్షన్‌కి వెళ్లినప్పుడల్లా ఆవిడ చెవుల వైపు చూడాలంటేనే నాకు టెన్షన్.

షాపువాళ్లను తప్పుపట్టకండి. క్రాఫ్ట్ షాపుల్లో చవగ్గా దొరికే గోల్డ్ లీఫ్ చాలావరకు ఇత్తడే, అంటే రాగీ జింకూ. తోమని చెంబులాగే అదీ మసకబారుతుంది. అసలు బంగారు రేకు అలా నల్లబడదు కానీ, మందం మైక్రాన్‌లో పదో వంతు మాత్రమే. ముట్టుకుంటే వేలికే అంటుకుపోతుంది. చేయి తిరిగేదాకా ఇత్తడి రేకే నయం. అయితే దాన్నీ ఉత్త చేత్తో పట్టుకోకండి. నా బుట్టల్లో ఒకదాని మీద వారం తర్వాత గోధుమరంగు మచ్చ తేలింది. దగ్గరగా చూస్తే నా వేలిముద్రే, గీతలతో సహా!

మట్టి జిగురును పీల్చేస్తుంది కాబట్టి ముందు ఒక కోటు అక్రిలిక్ రంగు వేయండి. నేనైతే ఇటుక ఎరుపే వేస్తాను. రేకు అక్కడక్కడా చిట్లినా కింద నుంచి ఎరుపు కనిపించి పాత నగల కళ వస్తుంది. చెక్క ఫ్రేములకు బంగారు రేకు వేసేవాళ్లు అడుగున ఎర్రమట్టి పూత వేయడానికి ఇదీ ఒక కారణం.

అసలు పని జిగురు దగ్గరే ఉంది. రేకు కోసం అమ్మే నీళ్ల జిగురు పూసినప్పుడు పాలలా ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలకు గాజులా తేటపడుతుంది. తడి మీద రేకు వేస్తే మెరుపు చచ్చిపోతుంది. వేలి కణుపు వెనకవైపు ఆనించి తీయండి: చిన్నగా 'టిక్'మనాలి, జిగురు మాత్రం వేలికి రాకూడదు. అప్పుడు రేకు పరిచి మెత్తటి బ్రష్‌తో అద్దండి. ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి. మొదటిసారి నేను మర్చిపోతే సగం రేకు వంటింట్లో కందిపప్పు డబ్బా మీద దొరికింది.

ఒక రోజు ఆరనిచ్చి పైన వార్నిష్ వేయాలి. నేను మొదట లక్క పాలిష్ వేసి దెబ్బతిన్నాను. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, సెంటులో ఉండేదీ ఆల్కహాలే. మెడ దగ్గర సెంటు కొట్టుకోగానే బుట్ట జిగటగా అయిపోయింది. ఇప్పుడు అక్రిలిక్ లాకర్ అనే పారదర్శక వార్నిష్ స్ప్రే రెండు పల్చటి కోట్లు కొడుతున్నాను. బుట్ట లోపలి అంచు, కొక్కెం దూర్చే కన్నం చుట్టూ వదిలేయకండి, నావి ఆకుపచ్చగా మారింది అక్కడే.

నల్లబడిన మీ జత పారేయక్కర్లేదు. సన్న గరుకు కాగితంతో రేకు గీకేసి, మళ్లీ ఎరుపు కోటు నుంచి మొదలుపెట్టండి.