కుక్క డోలో మాత్రలు మింగితే ఉప్పునీళ్లు పట్టవచ్చా?

12 కిలోల మీ కుక్క గంట క్రితం రెండు డోలో 650 మాత్రలు మింగిందని, హుషారుగానే ఉంది కనుక తెల్లవారేదాకా చూడవచ్చా, లేక ఉప్పునీళ్లు పట్టి కక్కించాలా అని అడిగారు. దయచేసి రెండూ చేయకండి, ఇప్పుడే పశువైద్యునికి ఫోన్ చేసి బయలుదేరండి. ఆ రెండు మాత్రల్లో 1300 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది. అంటే కిలో బరువుకు 108 మిల్లీగ్రాములు పడినట్టు, కుక్క కాలేయానికి అది ప్రమాదకరమైన మోతాదు. మందు రక్తంలోకి వెళ్లి అవయవాలను దెబ్బతీయడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, ఇప్పుడు కనిపిస్తున్న హుషారును చూసి ధైర్యపడకూడదు.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది. మోకాళ్ల నొప్పులకు వేసుకునే ఇబుప్రొఫెన్ 400 మాత్రల షీటును మా అత్తగారు దిండు కింద పెట్టుకునేవారు, 14 కిలోల మా నాటుకుక్క బుజ్జి ఒక రాత్రి దాన్ని లాగి నమిలేసింది. నేను వెళ్లేసరికి దాని మీసాలకు గులాబీ రంగు పొడి అంటుకుని ఉంది. చిరిగిన రేకు ముక్కలన్నీ ఏరి స్టీలు పళ్లెంలో పేర్చి, ఖాళీ గుంతలు లెక్కపెట్టి, అత్తగారు అప్పటికి ఎన్ని వేసుకున్నారో అడిగి తీసివేస్తే నాలుగు మాత్రలు తేలాయి. ఫోనులో డాక్టరుగారు మొదట అడిగినవి కూడా అవే: మందు పేరు, ఒక్కో మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మింగింది, ఎంతసేపైంది, కుక్క బరువెంత. మీరు కూడా ఆ షీటును వెంట తీసుకెళ్లండి.

పక్కింటి పెద్దాయన మా మేలు కోరే ఉప్పునీళ్లు పట్టమన్నారు గానీ, డాక్టరుగారు గట్టిగా వారించారు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి మూర్ఛలు రావచ్చని, బలవంతంగా నోట్లో పోసినది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని ఆయన చెప్పారు. పాలు, పెరుగు పట్టినా విషం విరగదు. క్లినిక్కులో మందు ఇచ్చి వాంతి చేయించాక నురగలో సగం కరిగిన రెండు మాత్రలు కనిపించాయి. మింగిన గంట, రెండు గంటలలోపే ఈ పనికి ఎక్కువ ఫలితం ఉంటుంది కనుకనే మిమ్మల్ని ఇంత తొందరపెడుతున్నాను. తరువాత కడుపులో మిగిలిన మందును పీల్చుకునే బొగ్గుపొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్ తాగించి, ఇబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తుంది కాబట్టి మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రెండుసార్లు చేయించి, రెండోసారి కూడా మామూలుగా వచ్చాకే నాకు అన్నం సహించింది.

మీ కుక్క మింగింది పారాసెటమాల్ కనుక, విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ ఉందా అని ఫోనులోనే అడగండి. లేదంటే ఉన్నచోటు చెప్పమనండి. పగటిపూట అయితే గన్నవరం పశువైద్య కళాశాలను కూడా సంప్రదించవచ్చు. దారిలో పెదవి ఎత్తి చిగుళ్లు చూస్తూ ఉండండి. అవి గోధుమరంగుకు తిరిగినా, ముఖం వాచినా, ఆయాసపడుతున్నా ఆ సంగతి డాక్టరుకు ముందే ఫోనులో చెప్పండి.

ఇంట్లో పిల్లి కూడా ఉందని రాశారు. పారాసెటమాల్‌ను విరిచే శక్తి పిల్లి శరీరానికి దాదాపు లేదు, దానికి ఒక్క మాత్రే ప్రాణాంతకం. బయలుదేరేముందు మంచం కింద రాలిన ముక్కలు ఏరేసి, ఆ గది తలుపు వేసి వెళ్లండి.