జ్వరం తగ్గినా వదలని నీరసం: యోగా, ధ్యానం ఎలా, ఎంతవరకు?

వైరల్ జ్వరాలు తగ్గాక నెలల తరబడి వేధించే బాధల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నా వయసు 42. కోవిడ్ వచ్చి తగ్గి నాలుగు నెలలైంది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. జబ్బు పడకముందు రోజూ పన్నెండు సూర్యనమస్కారాలు చేసేదాన్ని. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే చేసిన రోజు హాయిగానే ఉంటోంది. మర్నాడు సాయంత్రానికో, ఎల్లుండికో ఒళ్ళంతా నొప్పులు, మంచం దిగలేకపోతున్నాను. చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదవాల్సి వస్తోంది. రెండు మూడు రోజులు పడుకుని, లేచాక మళ్ళీ చేస్తున్నాను. పట్టుదలగా కొనసాగిస్తే అలవాటవుతుందా?

జవాబు: అవదు. దయచేసి ఇవాళ్టి నుంచే సూర్యనమస్కారాలు ఆపండి. మీరు రాసినదాంట్లో మేం ముఖ్యంగా చూసింది నీరసం వచ్చే సమయం. శ్రమ పడ్డ వెంటనే కాకుండా 12 నుంచి 48 గంటల తర్వాత బాధలన్నీ తిరగబెట్టడం, రోజులు, ఒక్కోసారి వారాలు అలాగే ఉండిపోవడం వేరే కోవకు చెందిన సమస్య. వైద్యులు దీన్ని పోస్ట్ ఎక్సర్షనల్ మలైజ్ అంటారు. మంచాన పడి లేచాక ఉండే మామూలు బలహీనతయితే కొద్దికొద్దిగా చేసేకొద్దీ బలం పుంజుకుంటుంది. ఇందులో పంతం పట్టి చేసేకొద్దీ ఉన్న బలం కూడా పోతుంది. దీర్ఘకాలిక అలసట జబ్బుకు వారవారం వ్యాయామం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో చెప్పింది కూడా ఇందుకే.

కాబట్టి ఏ ఆసనమైనా చేస్తున్నప్పుడు ఎలా ఉందన్నది మీకు కొలత కాదు. ఎల్లుండి ఎలా ఉన్నారో అదీ కొలత. దానికో నోటుపుస్తకం పెట్టుకోండి. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టి రాయండి. ఏడు రోజుల సగటు తీయండి. సాధనలో నాడి ఆ సగటు కంటే 15 మించి పెరగకుండా చూసుకోండి. సగటు 72 వస్తే 87 దగ్గర ఆగాలన్నమాట. ఆ రోజు ఏం పనులు చేశారో కూడా రాయండి. తలస్నానం, అరగంట ఫోన్ సంభాషణ, లెక్కలు చూసుకోవడం కూడా శ్రమే. చాలామంది ఆసనాలు మాత్రమే రాసి, ఎందుకు తిరగబెట్టిందో తెలియక తికమకపడతారు.

ఆ వారం ఆసనాలేవీ వద్దు. తర్వాత అన్నీ పడుకునే మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద దిండు, తల కింద మడతపెట్టిన పల్చని తువ్వాలు పెట్టుకోండి. గాలి వదులుతూ పాదాలను ముందుకు వంచండి, పీలుస్తూ వెనక్కి తెండి. ఇలా అయిదుసార్లు. ఊపిరి మామూలయ్యేదాకా ఊరికే ఉండండి. దిండు తీసేసి, ఒక్కో మడమను నేల మీద జారుస్తూ మోకాలు మడిచి చాపండి, కాలికి నాలుగుసార్లు. మళ్ళీ విశ్రాంతి. చివర గాలి పీలుస్తూ రెండు చేతులూ తల వైపు ఎత్తి, వదులుతూ దించండి. ఇది నాలుగుసార్లు చాలు. విశ్రాంతితో కలిపి మొత్తం ఎనిమిది నిమిషాలు దాటకూడదు. తర్వాత పిక్కలు రెండూ కుర్చీ మీద ఆనించి అయిదు నిమిషాలు పడుకోండి. గోడకు కాళ్ళు నిటారుగా పెట్టే విపరీతకరణి కంటే మొదట్లో ఇదే తేలిక, తొడల వెనక లాగదు.

ఇంకా చేయగలను అనిపిస్తున్నప్పుడే ఆపాలి. ఇదే అందరికీ కష్టం. ఒంట్లో బాగున్న రోజున పాత బాకీ తీర్చేద్దామని రెట్టింపు చేయడం, ఎల్లుండి కూలబడటం మాకు పదేపదే కనిపించే పొరపాటు. రెండు వారాల పాటు ఒక్కసారి కూడా తిరగబెట్టకపోతేనే, సంఖ్యో సమయమో ఏదో ఒకటే కాస్త పెంచండి. తిరగబెడితే కోలుకునేదాకా పూర్తి విశ్రాంతి, తర్వాత పాత మోతాదులో సగంతో మొదలు. కూర్చుని చేసేవి, నిలబడి చేసేవి ఎప్పుడు చేర్చాలో నోటుపుస్తకమే చెబుతుంది, క్యాలెండర్ చెప్పదు.

ప్రశ్న: నాకు 31. ఫ్లూ తగ్గి రెండు నెలలు దాటినా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఊపిరితిత్తులు బలపడతాయని కపాలభాతి, భస్త్రిక చేస్తున్నాను. చేస్తుండగానే తల తిరుగుతోంది, వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతోంది. శరీరం శుద్ధి అవుతోందని అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. వేగంగా ఊదేస్తుంటే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఉండాల్సిన దానికంటే తగ్గిపోతుంది. అప్పుడు మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కుంచించుకుపోయి తల తిరుగుతుంది, తిమ్మిరీ అందుకే. పైగా వైరల్ జబ్బు తర్వాత చాలామందికి ఛాతీ పైభాగంతో, గబగబా ఊపిరి తీసే అలవాటు మిగిలిపోతుంది. దాని మీద కపాలభాతి చేస్తే అదే అలవాటు ముదురుతుంది. రెండూ ఆపేయండి. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం కూడా వద్దు.

మీకు ముందు కావాల్సింది మకరాసనం. బోర్లా పడుకుని, చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి నుదురు వాటి మీద ఆనించండి. కాళ్ళు కాస్త ఎడం, కాలివేళ్ళు బయటివైపుకు. ఇందులో పొట్ట నేలకు ఆనుతుంది కాబట్టి, గాలి పీల్చినప్పుడు పొట్ట నేలను నొక్కడం, నడుము కొద్దిగా పైకి లేవడం మీకే తెలుస్తుంది. పొట్టతో ఊపిరి తీయమని ఎంత చెప్పినా అర్థం కానివాళ్ళకు కూడా ఇది రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. మూడు నిమిషాలు చాలు. మెడ పట్టేస్తే ఒక పక్కకు తిరిగి, దిండును కావలించుకుని పడుకోండి.

తర్వాత వీపుకు ఆసరా ఉన్న కుర్చీలో కూర్చుని, ముక్కుతోనే మూడు లెక్కపెడుతూ పీల్చి, నాలుగు లెక్కపెడుతూ వదలండి. ఒక్కో అంకె ఒక్కో సెకను. వారం తర్వాత హాయిగా ఉంటే నాలుగు, ఆరు చేయండి. అప్పుడు నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. పూటకు అయిదు నిమిషాలు, రోజుకు రెండు పూటలు. వదలడం పూర్తయ్యాక గాలిని గుప్పున లాక్కోవాల్సి వస్తోందంటే మీరు పెట్టుకున్న లెక్క మీ శరీరానికి ఎక్కువైందని గుర్తు, ఒక అంకె తగ్గించండి. ఇంకా ఎక్కువ గాలి పీల్చాలన్న ఆరాటం వద్దు. ఈ సాధనలో నెమ్మది ముఖ్యం, లోతు కాదు.

లెక్కపెట్టడం విసుగనిపిస్తే భ్రామరి చేయండి. పెదవులు కలిసి, పళ్ళు ఎడంగా ఉంచి, మంద్ర స్వరంలో తుమ్మెద నాదం. ఆరు నుంచి ఎనిమిదిసార్లు. ఇలా నాదం చేసినప్పుడు ముక్కు నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్, ఊరికే గాలి వదిలినప్పటి కంటే దాదాపు 15 రెట్లు ఉంటుందని 2002లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చూపారు. అందువల్ల జబ్బు తగ్గిపోతుందని మాత్రం అర్థం చేసుకోవద్దు. నిశ్వాసం దానంతటదే సాగుతుంది, మాకు నచ్చే సుగుణం అది.

ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంటే అయిదు నిమిషాలు కూర్చున్నాక, గోళ్ళరంగు లేని వెచ్చటి వేలికి పెట్టి చూడండి. చల్లటి వేలు తప్పు చూపిస్తుంది. ఆక్సిజన్ శాతం 92, అంతకంటే తక్కువ వస్తే ఆ రోజే డాక్టరును కలవండి. మెట్లెక్కగానే మూడు, అంతకంటే ఎక్కువ పాయింట్లు పడిపోతున్నా డాక్టరుకు చెప్పాల్సిందే. ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టడం, స్పృహ తప్పడం, వీటిలో ఏది ఉన్నా సాధన సంగతి పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: జ్వరం తగ్గినప్పటి నుంచి నిలబడితే చాలు, గుండె దడదడలాడుతోంది, కళ్ళు మసకబారుతున్నాయి. ఏ ఆసనాలు మంచివి?

జవాబు: ముందు కొలవాలి. పక్కన ఒకరిని ఉంచుకుని అయిదు నిమిషాలు పడుకుని నాడి, రక్తపోటు చూడండి. తర్వాత లేచి, గోడకు భుజాలు ఆనించి కదలకుండా నిలబడి, పది నిమిషాల దాకా రెండు నిమిషాలకోసారి చూడండి. కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోండి. పెద్దవాళ్ళలో రక్తపోటు పడిపోకుండానే నాడి 30, అంతకు పైగా పెరిగి అలాగే ఉంటే పాట్స్ అనే సమస్యను అనుమానించాలి. ఆ అంకెలు డాక్టరుకు చూపించండి. ఉప్పు, నీళ్ళు పెంచడం కొందరికి మేలు చేస్తుంది. కానీ బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళకు అదే ముప్పు, కాబట్టి అడక్కుండా పెంచొద్దు.

నిలబడి చేసే తాడాసనం, వృక్షాసనం ఇప్పుడు వద్దు. ముందుకు వంగి తల కిందికి దించి మళ్ళీ లేచే ఉత్తానాసనం అసలే వద్దు. పడుకుని చేసేవి, కుర్చీలో కూర్చుని చేసేవే చేయండి. కుర్చీలోంచి లేచే ముందు మడమలు ఎత్తి దించుతూ పిక్కలను పదిహేనుసార్లు బిగించి వదలండి. కాళ్ళలో నిలిచిన రక్తం పైకి ఎక్కుతుంది. శవాసనం నుంచి లేవడం కూడా సాధనలో భాగమే. పక్కకు తిరిగి అయిదు శ్వాసలు ఆగాలి, చేత్తో నేలను నెడుతూ కూర్చోవాలి, రెండు నిమిషాల తర్వాతే నిలబడాలి. సాధన అవగానే వేడినీళ్ళ స్నానానికి వెళ్ళకండి.

ప్రశ్న: ధ్యానం చేస్తే తగ్గుతుందని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. కళ్ళు మూసుకుని శ్వాస గమనిస్తే గుండెదడ ఎక్కువవుతోంది. లేదంటే నిద్రపట్టేస్తోంది. నా మనసులోనే ఏదో లోపం ఉందా?

జవాబు: మీ మనసులో లోపం లేదు. మీ జబ్బు ఊహా కాదు. ధ్యానం వైరస్ మిగిల్చిన నష్టాన్ని పూడ్చదు. ఆందోళన తగ్గించడానికి, నిద్ర కుదురుకోవడానికి, నొప్పితో పెనుగులాడే అవస్థ తగ్గడానికి అది సాయం చేస్తుంది. ఆ మేరకే ఆశపడండి, అదీ చిన్న సాయం కాదు.

ఊపిరాడని అనుభవం ఎదురైనవాళ్ళకు శ్వాస మీద గమనిక పెట్టగానే భయం తిరిగి రావడం సహజం. శ్వాసను వదిలేయండి. కళ్ళు సగం తెరిచి, మడమలు నేలకు ఆనిన చోట స్పర్శను గమనించండి, లేదా వినిపించే శబ్దాలను ఒక్కొక్కటిగా వినండి. మూడు నిమిషాలు చాలు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాల్సిన పని లేదు, పడుకోవచ్చు. నిద్రొస్తే నిద్రపోండి, శరీరానికి అదే కావాలి. ఆలోచన మందగించి ఉన్నప్పుడు రూపాలు ఊహించుకోవడం, మంత్రం లెక్కపెట్టడం కూడా మెదడుకు శ్రమే. రికార్డు చేసిన గొంతు చెబుతుంటే శరీరభాగాలను ఒక్కొక్కటే తలుచుకుంటూ వెళ్ళే యోగనిద్ర, పదిహేను నిమిషాలది, మీకు తగినది. అలిసిపోయాక కాకుండా, అలసట రాకముందే రోజూ ఒకే వేళకు చేయండి. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ధ్యానంతో సరిపెట్టుకోవద్దు, ఆ రోజే ఇంట్లో ఒకరికి, డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: చికున్‌గున్యా తగ్గి మూడు నెలలైంది. పొద్దున్నే మణికట్లు, చీలమండలు బిగుసుకుపోతున్నాయి. వజ్రాసనం వేయవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు, చీలమండ మీద బరువంతా పడుతుంది. చేతుల మీద బరువు వేసే ఆసనాలూ వద్దు. మంచం మీదే గోరువెచ్చని కాపడం పది నిమిషాలు పెట్టి, వేళ్ళు మూసి తెరవడం, మణికట్లు, చీలమండలు నెమ్మదిగా గుండ్రంగా తిప్పడం, అటు అయిదు, ఇటు అయిదు. నొప్పి మొదలయ్యే చోటుకు కాస్త ముందే ఆగాలి. కీలు వాచి, వేడిగా ఉంటే కాపడం, వ్యాయామం రెండూ మానేసి డాక్టరుకు చూపించండి. ఈ నొప్పులు కొందరిలో నెలలు, ఏళ్ళు కూడా ఉంటాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటిది మొదలైందేమో కూడా పరీక్షించాలి.

ప్రశ్న: వాసన తెలియడం లేదు. జలనేతి చేస్తే తిరిగి వస్తుందా?

జవాబు: జలనేతి అంటే ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం. ముక్కు దిబ్బడ ఉంటే అది తగ్గుతుంది. వాసన పసిగట్టే పొర దెబ్బతింటే నేతి ఏమీ చేయలేదు. దానికి వాసనల సాధన ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలను రోజుకు రెండుసార్లు, ఒక్కోదాన్ని ఇరవై సెకన్లు, ఆ వాసనను గుర్తుచేసుకుంటూ పీల్చాలి. కనీసం పన్నెండు వారాలు వదలకుండా చేయాలి. నేతి చేసేటట్లయితే కుళాయి నీళ్ళు నేరుగా వాడకండి. అరుదుగానైనా వాటిలో ఉండే అమీబా ముక్కు ద్వారా మెదడుకు పాకితే ప్రాణాంతకం. కనీసం ఒక నిమిషం తెర్లేలా కాచి, గోరువెచ్చగా చల్లారిన నీళ్ళే వాడండి. అరలీటరుకు నాలుగున్నర గ్రాములు, అంటే చిన్న చెంచాకు కాస్త తక్కువగా ఉప్పు కలపండి. ఉప్పు తగ్గినా, పెరిగినా ముక్కు మండుతుంది. చేశాక పాత్ర కడిగి పూర్తిగా ఆరనివ్వండి.