జిప్సీ రేడియేటరు గురించి మేనకోడలికి

అమ్మడూ,

వేలంలో పోయిన ఆర్మీ జిప్సీ జీపుని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నావనీ, ఇంజన్ని చల్లబరిచే కూలెంటు కారుతుంటే షెడ్డుకివ్వకుండా నువ్వే విప్పుతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గొంతులో సగం ఏడుపు, సగం గొప్ప. నా సంగతీ అంతే. బాగయ్యాక రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి చింతూరు దిగుతావట! అందుకే ఈ ఉత్తరం.

ముందు చల్లారనియ్. కనీసం ఓ గంట. ఆ రేడియేటరు మూత చదరపు సెంటీమీటరుకు 0.9 కేజీల ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లే 118 డిగ్రీల దాకా మరగవు. మూత తీశావా, ఒత్తిడి ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా మరగని నీళ్లు ఒక్క ఉదుటున మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదికి చిమ్ముతాయి. పైన గొట్టం చేత్తో నొక్కితే గట్టిగా ఉందంటే మూత ముట్టుకోకు. ఫ్యాన్ దగ్గరికి చున్నీతో వెళ్లకు, జుట్టు ముడి వేసుకో. నవ్వుకో, ఫర్లేదు.

ఇక నువ్వు పంపిన ఫోటో. రిజర్వు బాటిల్ అడుగున పసుప్పచ్చటి మడ్డి ఉంది చూడు, దాన్ని నువ్వు తుప్పు అనుకున్నావు. తుప్పయితే ఇటుకరంగులో ఉంటుంది, వేళ్ల మధ్య గరగరలాడుతుంది. ఇది మెత్తగా జారుతుంది. కాస్త గుడ్డ మీద వేసి సున్నం తగిలించు. ఈమధ్య వేసిందైతే దిష్టినీళ్లలా ఎర్రబడుతుంది. తల్లీ, ఎవరో నీ బండికి పసుపు పోశారు.

ఇది పాత తప్పు. లారీల కాలంలో ప్రతి క్యాబిన్‌లోనూ ఒక పసుపు పొట్లం ఉండేది. దారిలో రేడియేటరు కారితే రెండు చెంచాలు వేసేవాళ్లు. వేడినీళ్లలో ఆ పొడి ఉబ్బి, ఒత్తిడికి బయటికి పోతూ పోతూ చిల్లులో ఇరుక్కునేది. కారడం ఆగేది. ఊరు చేరడానికి అది అక్కరకొచ్చిన మాట నిజమే. తప్పు ఆ తరవాతది. ఊరు చేరాక ఎవరూ దాన్ని కడిగేవాళ్లు కాదు. కారడం ఆగింది కదా, ఇంకేం కావాలి?

ఆ పొడికి ఏది చిల్లో, ఏది దారో తెలియదు. రేడియేటర్లో సన్నటి చపటా గొట్టాలుంటాయి. నీళ్లు నెమ్మదించే చోటల్లా వాటిలో పేరుకుంటుంది. బండి లోపలికి వేడిగాలి ఇచ్చే హీటరు ఉంటే దాని గొట్టాలు ఇంకా సన్నం, ముందు అవే పోతాయి. మూతలోని చిన్న వాల్వు, రిజర్వు బాటిల్‌కు వెళ్లే సన్న పైపు పూడుకుపోతాయి. నీళ్లు వేడెక్కాక తెరుచుకునే వాల్వు, అదే థర్మోస్టాట్, సగం తెరుచుకుని బిగుసుకుంటుంది. దాంతో బండి హీటెక్కుతుంది. హీటెక్కితే ఒత్తిడి, ఒత్తిడికి ఇంకో బలహీనమైన చోట కారడం, మళ్లీ ఇంకో చెంచా పసుపు. చివరికి థర్మోస్టాట్ తీసి పారేస్తారు, అదో తెలివి. జిప్సీ ఇంజను పైభాగం, అంటే హెడ్డు, అల్యూమినియం. ఒకసారి బాగా కాలితే వంగుతుంది, దాని కింద అతుకులో ఉండే గాస్కెట్టు పోతుంది. రెండు చెంచాల పసుపు ఖర్చు అక్కడ తేలుతుంది.

అందుకని కారేచోటు వెతికే ముందు కడుగు. కింద డ్రెయిన్ తీసి మొత్తం ఒక టబ్బులోకి దించు. థర్మోస్టాట్ విప్పి పక్కన పెట్టు. నీళ్ల పైపు రేడియేటరు కింది మూతికి పెట్టి, పైనుంచి బయటికొచ్చేలా తిరగేసి వదులు. కుళాయి సగమే తిప్పు, పాత అతుకులు జోరు తట్టుకోవు. తేటగా వచ్చేదాకా చెయ్యి. మంచి నీళ్లు నింపి, పది నిమిషాలు నడిపి, చల్లార్చి, మళ్లీ దించు. మూడుసార్లకు తక్కువ వద్దు. థర్మోస్టాట్‌ను మరిగే నీళ్లలో వేసి తెరుచుకుంటోందో లేదో చూశాకే తిరిగి బిగించు. తరవాత ఇంజను వేడెక్కించి, ఆపి, ఫ్యాన్ నిలిచాక రేడియేటరు వెనకవైపు అరచేత్తో తడుము. మధ్యలో చల్లటి మచ్చలు తగిలితే లోపల గొట్టాలు పూడినట్టే. రేడియేటరు పనివాడికిచ్చి, ట్యాంకు విప్పించి కమ్మీలు దూర్పించు.

పసుపు పోయాక అసలు చిల్లు మళ్లీ కారుతుంది. కారాలి. రాత్రి బండి కింద అట్టపెట్టె పరిచి ఉంచు. ముందు వైపు మరక పడితే రేడియేటరు, ఫ్యాన్ వెనకైతే వాటర్ పంపు. పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తెల్లటి పెచ్చు కట్టిందంటే సీలు పోయింది. జిప్సీలో పంపు తియ్యాలంటే ఇంజను వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు తియ్యాలి, కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా కొత్తవే వెయ్యి. బెల్టు చక్రాల మీది మార్కులు కలపడం మాత్రం తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చెయ్యి, పంతానికి పోకు. ఇంజనులోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాగిన చిన్న గొట్టాలు అద్దం పెట్టి చూడు. చాలామంది వాటిని వదిలేస్తారు. ఎక్కడా మరక లేకుండా నీళ్లు తగ్గుతుంటే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి స్టార్ట్ చెయ్యి. బుడగలు ఆగకుండా వస్తుంటే గాస్కెట్టు అనుమానమే. ఆయిల్ గేజి కడ్డీ మీద మజ్జిగలాంటి తెలుపున్నా అంతే.

అతుక్కుపోయిన రబ్బరు హోస్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకలించకు, లోపలి మూతి వంగుతుంది. కత్తితో నిలువుగా చీల్చు. మూతిని ఎమరీ పేపరుతో రుద్ది, గ్రీజు రాయకుండా కొత్తది ఎక్కించు. హోస్‌ను బిగించే క్లాంపు మూతి గట్టు మీద కాకుండా, గట్టు దాటి లోపలి వైపు కూర్చోవాలి. మొదటి వేడి అయ్యాక మళ్లీ బిగించు.

సుమారు 5 లీటర్లు పడుతుంది, కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్లు వద్దు. మన టీ గిన్నెలో తెల్లగా పేరుకునేదే లోపలా పేరుకుంటుంది. ముక్కు ఎత్తుగా ఉండేలా బండి నిలిపి, హీటరు ఉంటే వేడి మీదికి తిప్పి, మెల్లగా పొయ్యి. మూత లేకుండా నడుపుతూ పై హోస్ వేడెక్కేదాకా చూడు, మట్టం జారిన కొద్దీ పొయ్యి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడు.

ఘాట్ ఎక్కేముందు ఈ ఒక్కటి వినమ్మా. నీళ్లు పూర్తిగా పోతే వేడి చూపించే మీటరు ముల్లు పైకి పోకపోవచ్చు. సెన్సరు నీళ్లలో ఉంటేనే నిజం చెబుతుంది, గాలిలో ఉంటే కిందే నిలబడుతుంది. తియ్యటి వాసన వచ్చినా, బోనెట్ దగ్గర ఆవిరి కనిపించినా ముల్లును నమ్మకుండా ఆపెయ్. కాలిన ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరించకు, హెడ్డు పగులుతుంది. 5 లీటర్ల నీళ్లు, రెండు హోసులు, నాలుగు క్లాంపులు, ఫ్యాన్ బెల్టు ఒకటి డిక్కీలో ఉండాలి.

పాత కూలెంటున్న టబ్బు మీ పార్కింగులో వదిలెయ్యకు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ తాగి చస్తాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి పేరు రాసి పెట్టు. అట్టపెట్టె మీద మరక ఎక్కడ పడిందో ఫోటో తీసి పంపు. పొద్దున్నే పంపు, నేను ఐదింటికే లేస్తాను.

మీ మావయ్య