టో చివర్న పట్టు

నాయనా,

ర్యాలీకి నీ స్విఫ్ట్ కారు ముందువైపు ఎత్తు పెంచావు కాబట్టి చక్రాల కోణాలు సర్దే అలైన్‌మెంట్ షాపు ఇచ్చిన పాత కాగితం ఇక పనికిరాదు. స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన కాలు) ఉన్న బండి ఎత్తు పెరిగితే క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం వాలు, పాజిటివ్ వైపు (పైభాగం బయటికి) జరుగుతుంది. టో, అంటే పై నుంచి చూస్తే చక్రం ముందంచు లోపలికో బయటికో తిరిగిన తీరు, అదీ కదులుతుంది. అంతా మొదటి నుంచి పట్టాల్సిందే.

కొలతకు ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపు, తర్వాత అటూ ఇటూ. కాస్త కదిలినా బాల్ జాయింటో, బేరింగో, టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ) ఎండో అరిగినట్టే. వాటిని మార్చకుండా పట్టిన అలైన్‌మెంట్ మొదటి గుంత దాకా కూడా నిలవదు. రిమ్ముకు వంకర ఉంటే కొలతే అబద్ధం చెబుతుంది. ఒకసారి కొలిచి, చక్రం అరచుట్టు తిప్పి మళ్లీ కొలిచి, రెంటికీ సగటు తీసుకో.

నేల మట్టం ముఖ్యం. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో నాలుగు చక్రాల కింద మట్టం చూసి, తగ్గిన చోట పల్చటి కడప బండ ముక్కలు వెయ్యి. రెండు సీట్లలో మీ ఇద్దరి బరువుకు సరిపడా ఇసుక సంచులు పెట్టు, ట్యాంకులో సగం పెట్రోలు, టైర్లలో ర్యాలీ స్టేజీకి (టైము కట్టి నడిపే దారికి) పెట్టే గాలే ఉండాలి. ముందు చక్రాల కింద నడుమ గ్రీసు పూసిన రెండేసి రేకులు పరుచు. అవి లేకపోతే జాకీ దింపినప్పుడు టైరు నేలను పట్టుకొని స్ట్రట్‌ను సర్దుకోనివ్వదు. బానెట్ మీద నాలుగుసార్లు నొక్కి వదులు.

వరస ఇదీ: ఎత్తు, క్యాస్టర్, క్యాంబర్, ఆఖరున టో. క్యాంబర్ కదిపితే టో తప్పకుండా మారుతుంది కాబట్టి తలకిందులు చేస్తే పని రెండింతలవుతుంది.

క్యాస్టర్, అంటే పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, నాలుగైదు డిగ్రీలు ఉంటే మేలు. రెండు వైపులా అర డిగ్రీకి మించి తేడా ఉండకూడదు, ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది. చక్రాన్ని 20 డిగ్రీలు లోపలికి, 20 డిగ్రీలు బయటికి తిప్పి రెండు చోట్లా క్యాంబర్ చూసి, ఆ తేడాను ఒకటిన్నరతో గుణిస్తే క్యాస్టర్ వస్తుంది. దీన్ని మార్చాలంటే సర్దుబాటున్న టాప్ మౌంట్లు (స్ట్రట్ పైకొసను బాడీకి పట్టే భాగాలు) కావాలి. మార్చాక చక్రం పూర్తిగా తిప్పి, మడ్‌ఫ్లాప్‌కు తగులుతుందేమో చూడు.

క్యాంబర్ మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీలు (చక్రం పైభాగం లోపలికి) చాలు. తారు రోడ్డు వాళ్లలా రెండున్నర పెడితే, కళ్యాణదుర్గం వైపు గరుసు రోడ్లలో టైరు లోపలి వైపు గడ్డలు మాత్రమే పట్టుకుంటాయి. బ్రేకు పట్టు పోతుంది, లోపలి అంచు చిరిగిపోతుంది. కొలవడానికి రిమ్ము పక్కన గుండుదారం వేలాడదీసి పైఅంచుకూ కిందఅంచుకూ దూరం చూడు. 400 మిల్లీమీటర్లకు 7 మిల్లీమీటర్ల తేడా అంటే ఒక డిగ్రీ.

టోకు రెండు వైపులా నైలాన్ దారాలు కట్టు. వెనక చక్రాలకు కుడి ఎడమ దూరం సమానంగా ఉండాలి, ముందు హబ్బులకూ అంతే. రిమ్ము ముందంచు దారానికి దగ్గరైతే టో అవుట్. ఒక్కో చక్రానికి ఒక మిల్లీమీటరు అవుట్ పెట్టు. మలుపులోకి ముక్కు చురుగ్గా దిగుతుంది. అంతకు మించితే బండి గాడి ఎటు లాగితే అటు పోతుంది. టై రాడ్లు రెండూ సమానంగా తిప్పు, లేకుంటే స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. పావు చుట్టుకే దాదాపు ఒక మిల్లీమీటరు కదులుతుంది. లాక్ నట్టు బిగించేటప్పుడు రాడ్‌ను ఇంకో స్పానర్‌తో పట్టుకో, బిగించాక మళ్లీ కొలువు.

ఇంకొకటి. జాకీతో చక్రాన్ని వేలాడదీసి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి, యాక్సిల్‌ను చేత్తో తిప్పు. పట్టేస్తే ఎత్తు ఎక్కువైంది, తగ్గించు.

స్ట్రట్ బోల్టులూ లాక్ నట్ల మీద పెయింటు గీత పెట్టుకో. రాయి తగిలాక గీత తప్పితే బోల్టు జారింది. గీత సరిగానే ఉండి ఒక వైపు క్యాంబర్ మారితే స్ట్రట్టో, లోయర్ ఆర్మో వంగింది. అప్పుడు బోల్టు కదిపి సర్దకు, వంగిన భాగం మార్చు.

ఆశీస్సులతో,
మీ మామ